పట్టీలు తీసిన రేకు

విమానాల రేకుల్లో పగుళ్లు ఎంత వేగంగా పెరుగుతాయో కంప్యూటర్ మీద లెక్కగట్టడం నా ఉద్యోగం. విమానం పైకి పోయినప్పుడల్లా లోపల గాలి ఒత్తిడి నిలబెడతారు, కిందికి దిగేసరికి వదిలేస్తారు. అందువల్ల దాని ఒంటిని కప్పిన అల్యూమినియం రేకు ప్రతి ప్రయాణానికీ ఒకసారి సాగి మళ్లీ మామూలవుతుంది. ఆ రేకు చాలా పలుచన, అన్నం తినే స్టీలు పళ్లెం మందానికి కాస్త ఎక్కువ, అంతే. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రివెట్ రంధ్రం అంచున వెంట్రుకంత పగులు పుడుతుంది. పుట్టడం వింతేమీ కాదు. అది కంటికి ఆనేంత పొడవు నుంచి ప్రమాదకరమైన పొడవుకు చేరేలోపు ఎన్ని ప్రయాణాలు జరుగుతాయన్నదే తెలియాలి. తనిఖీ చేసేవాళ్లు ఆ వ్యవధిలోనే దాన్ని పట్టుకోవాలి. ఆ వ్యవధి ఎంతో చెప్పినందుకు నాకు జీతం ఇస్తారు.

ఆఫీసు బెంగుళూరులో ఉంది. కరోనా తర్వాత ఇంటి నుంచి పనిచేసుకోమన్నారు, తర్వాత నన్ను రమ్మని గట్టిగా ఎవరూ అడగలేదు. ఎమ్మిగనూరులో ఒక మేడమీది ఇల్లు అద్దెకు తీసుకుని అమ్మతో ఉంటున్నాను. మాది గోనెగండ్ల. నాన్న తొందరగా పోయాడు. అమ్మ కూలికి పోయి నన్ను చదివించింది. ఇప్పుడు పోవాల్సిన అవసరం లేదు, అయినా పత్తి తీసే రోజులొస్తే తెల్లవారుజామునే ఆటో ఎక్కి పోతుంది. ఎందుకమ్మా అంటే, ఇంట్లో కూసుంటే కాళ్లు పట్టుకుంటాయి అంటుంది. చుట్టుపక్కల వాళ్లు నా పనేమిటని అడిగితే "మా పాప విమానాలకు మాట్లేస్తాది" అని చెబుతుంది. మొదట్లో ఒకసారి సరిదిద్దాను. తర్వాత వదిలేశాను. ఆమె చెప్పినదాంట్లో విమానం ఉంది, చిరుగు ఉంది. అంతకన్నా వివరం ఎవరికీ అక్కర్లేదు.

నేను చెప్పబోయేది ఒక రేకు గురించి. బల్లపరుపు రేకు, మధ్యలో అడ్డంగా రంపంతో కోసిన చిన్న గాటు. దాన్ని యంత్రంలో నిలువుగా బిగించి, లాగడం, వదలడం, లాగడం, వదలడం. గాటు రెండు కొసల నుంచీ పగులు మెల్లగా పెరుగుతుంది. అదే రేకును నేను కంప్యూటర్‌లో కట్టాను. రేకునంతా చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, పగులు కొస దగ్గర గళ్లను ఇంకా చిన్నవి చేసి, ఒక్కో లాగుకు ఆ కొస ఎంత జరుగుతుందో లెక్కవేయించాను. పరీక్ష చేసినవాళ్ల రిపోర్టు నాకు తర్వాత వచ్చింది. రెండూ కలవలేదు. యంత్రంలో రేకు నిదానంగా పగిలింది. నా లెక్కలో చాలా తొందరగా పగిలింది.

ఇలాంటిది జరిగితే లెక్కలో ఉండే ఒక స్థిరాంకాన్ని కొంచెం అటూ ఇటూ జరిపి పరీక్షకు సరిపెట్టడం మా దగ్గర ఉన్నదే. జరిపి చూశాను. సరిపోయింది. కానీ ఆ అంకె ఆ లోహానికి ఉండాల్సిన అంకె కాదు. రాగులు కొలిచే శేరుతో బంగారం తూచినట్లుంది. మా మేనేజర్‌కు ఆ మాట చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, పరీక్ష చేసినాయన కాలికి దెబ్బ తగిలి సెలవులో ఉన్నాడనీ, మీ వైపే ఆదోనిలో ఉన్నట్లు విన్నాననీ చెప్పి నంబరిచ్చాడు.

ఫోన్ చేశాను. అవతలి గొంతు పెద్దవయసు వాళ్లది, విసుగ్గా ఉంది.

"పరీక్షలో తప్పుండదమ్మా. రేకు పగిలింది, నేను కొలిచినాను. నీ లెక్క చూసుకో."

"లెక్క అన్ని రకాలుగా చూసినాను సార్."

"ఇంకో రకంగా చూడు."

ఆ మాటతో పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. "నీ మాట బెంగుళూరు మాట కాదే, యాడ మీది?" అన్నాడు.

"గోనెగండ్ల సార్. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఉంటాను."

"ఎమ్మిగనూరులో కూచోని నాతో ఫోన్లో కొట్లాడతాండావా? బస్సెక్కితే గంట. కంప్యూటర్ తీస్కోని ఇంటికి రా, ఈడే తేల్చుకుందాం."

అమ్మకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతోంది, చేట ఆపింది.

"ఎవురు వాళ్లు?"

ఆ ప్రశ్నకు అర్థం నాకు తెలుసు. వాళ్ల నాన్న మంత్రాలయం పక్క గుడిసేవలో ఉండేవాడని ఆయన ఫోన్లో మాటవరసకు అన్నాడు. అదే చెప్పాను.

అమ్మ మళ్లీ చేట అందుకుంది. "నీళ్ల బాటిల్ తీస్కపో. ఆడ అడగొద్దు."

బాటిల్ నింపుకున్నాను. మా అమ్మకు ఆ జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చిందో నేను చూసినదాన్నే. వాదించే విషయం కాదు.

ఆదోనిలో పత్తి బండ్ల మధ్య బస్సు ఇరుక్కుని ఆలస్యమైంది. ఇల్లు కోటకు పోయే దారిలో ఒక సందులో ఉంది. ఆయన అక్క తలుపు తీసింది. బడిలో తెలుగు చెప్పి రిటైరైన ఆమె, తెల్లటి జుట్టు, నిటారుగా నిలబడే మనిషి. ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలును స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. యంత్రంలో రేకును పట్టుకునే ఇనుప బిగింపు జారి పాదం మీద పడిందట. పెళ్లి చేసుకోలేదు, చూసుకునేవాళ్లు బెంగుళూరులో లేరు, అందుకని అక్క దగ్గరికి వచ్చాడు.

ఒక్కొక్కటే సరిచూసుకున్నాం. రేకు మందం, వెడల్పు, లోహం రకం, గాటు పొడవు, లాగిన బలం, లాగిన వేగం. నేను చదవడం, ఆయన తన ఫైలు చూసి ఊఁ అనడం. అన్నీ ఒకటే. ఆయన ముఖంలో గెలిచిన సంతోషం కనిపించలేదు. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. ఆ విషయం నాకు నచ్చింది.

మధ్యలో అక్క వచ్చి నిలబడింది. "గోనెగండ్ల అంటివి కదమ్మా. ఎవరి పిల్లవి?"

"మా అమ్మ చేన్లకు కూలికి పోతుంది మేడమ్. మేము చర్చికి పోతాం."

"ఓహో," అంది. లోపలికి పోయింది. కాసేపటికి కాఫీ తెచ్చింది. ఆయనకు స్టీలు గ్లాసులో, నాకు కాగితపు కప్పులో. ఆ కప్పుల కట్ట అప్పుడే చించినట్లుంది, ప్లాస్టిక్ తొడుగు ముక్క ట్రేలోనే ఉంది. ఆయన దేన్నీ గమనించలేదు, కళ్లన్నీ నా తెర మీదే ఉన్నాయి. నేను గమనించాను. కాఫీ చిక్కగా, బాగుంది. తాగాను. కప్పు మడిచి బ్యాగులో వేసుకున్నాను.

పగులు కొసను ఎట్లా కొలుస్తారో చూపిస్తానని ఆయన ఫోన్లో పరీక్షప్పటి ఫొటోలు తెరిచాడు. రేకు, దాని పక్కన స్కేలు, చిన్న భూతద్దం. ఒక ఫొటో కొంచెం దూరం నుంచి తీసింది. అందులో రేకు మీద అడ్డంగా రెండు మందపాటి లోహపు పట్టీలు కనిపించాయి. ఒకటి పగులుకు పైన, ఒకటి కింద.

"ఇవేంటి సార్?"

"పట్టీలు. ముందొక జత, వెనకొక జత. రేకు ఉబ్బకుండా పట్టుకుంటాయి."

"రిపోర్టులో రాయలేదే."

"అదేమి రాస్తారమ్మా! పలుచటి రేకుకు పట్టీలు పెట్టేది మామూలు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పెడతానే ఉన్నాము."

"నా లెక్కలో రేకు ఉబ్బుతాంది సార్," అన్నాను.

ఆయన ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నుంచి అక్క అడిగింది: "లాగితే రేకు సాగుతుంది కానీ ఉబ్బేదేంది?"

పాత దినపత్రిక, బ్లేడు అడిగాను. కాగితం మధ్యలో అడ్డంగా గాటు పెట్టాను. ఆయన లేవలేడు కాబట్టి పై అంచు ఆమెను పట్టుకోమన్నాను. కింది అంచు నేను పట్టుకున్నాను. ఇద్దరం మెల్లగా లాగాం. గాటు తెరుచుకుంది. దాని రెండు పెదవులూ కాగితంలోంచి ఎదురుగా పొడుచుకుని వచ్చాయి.

"అరే, మూతి ముడిచినట్లుంది," అంది ఆమె. కాగితాన్ని వదిలి, మళ్లీ పట్టుకుని లాగింది. మళ్లీ అట్లాగే అయ్యింది.

పొడవునా లాగితే గాటు అంచుల్లో అడ్డంగా నొక్కుడు పుడుతుంది, పలుచటి రేకు ఆ నొక్కుడుకు ఆగలేక ముందుకో వెనక్కో వంగిపోతుంది. అట్లా వంగినప్పుడు పగులు కొస మీద మామూలు లాగుడుకు తోడు వంపు కూడా పడుతుంది, అందువల్ల తొందరగా పగులుతుంది. ఆయన పట్టీలు ఆ పెదవులను కదలనివ్వలేదు. నా లెక్కలో వాటికి ఏ అడ్డూ లేదు. ఇద్దరం ఇంతసేపూ వేరువేరు రేకుల గురించి పోట్లాడుకున్నాం.

ఆ సాయంత్రం ఎమ్మిగనూరుకు వచ్చి, నా లెక్కలో పట్టీలున్న చోట రేకు అటూ ఇటూ కదలకూడదని కట్టడి పెట్టి, పనిని బెంగుళూరు కంప్యూటర్‌కు అప్పగించాను. పొద్దున చూస్తే ఆయన కొలిచిన గీత మీద నా గీత కూర్చుంది. ఏ స్థిరాంకమూ జరపలేదు. అమ్మ టీ ఇస్తూ నా ముఖం చూసి "ఏమైంది?" అంది. సరిపోయింది అన్నాను. "మంచిది," అని టిఫిన్ సంగతి చూడబోయింది.

ఆయనకు ఫోన్ చేశాను.

"అయితే నా పరీక్ష కరెక్టు," అన్నాడు.

"మీ పరీక్షా కరెక్టే, నా లెక్కా కరెక్టే సార్."

"రెండూ కరెక్టైతే ఇంక గొడవేంది?"

"విమానానికి పట్టీలుండవు గదా."

"పట్టీలుండవు. లోపల ఆనించి పక్కటెముకల మాదిరి ఫ్రేములుంటాయి. అవి కొంత పట్టుకుంటాయి," అన్నాడు. తర్వాత ఆయనే అన్నాడు, "కొంతే లే."

మేనేజర్ ఆలోచన వేరుగా ఉంది. లెక్కా పరీక్షా కలిశాయి కదా, రిపోర్టు పంపించేద్దాం అన్నాడు. ఆయన మాటలో మోసమేమీ లేదు. కలవడమే ఆయన అడిగింది, కలిసింది. పట్టీలు తీసేసి మళ్లీ పరీక్ష చేయాలని నేను అడిగాను. యంత్రం ఖాళీ లేదన్నాడు. చివరికి, పరీక్ష చేసినాయన తానుగా అడిగితే చూద్దాం అన్నాడు. అందుకోసం రెండోసారి ఆదోనికి పోయాను.

ఆయన ముందు ఒప్పుకోలేదు. కోపంతో కాదు, మనసు కష్టపెట్టుకుని.

"ఇన్నేండ్లు చేసినాను. రిటైరై పోయే ముందర నా పరీక్ష సరికాదని నేనే రాయాల్నా?"

"సరికాదని కాదు సార్. పట్టీలు ఉన్నాయని రాస్తే చాలు. అవి లేకుంటే ఏమవుతుందో చూడాలని."

"పాత రిపోర్టులు ఎన్నో ఉన్నాయి. అన్నిట్లోనూ ఉన్నాయి పట్టీలు. అవన్నీ తిరగేస్తారు."

అది నిజం. అక్క కిటికీ దగ్గర కూర్చుని పూలు కడుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఉన్నది ఉన్నట్లు రాసేకి నీకేం నొప్పిరా? బడిలో పిల్లోళ్లకు ఇదే చెప్పి చెప్పి నాకు గొంతు పోయింది."

ఆయన నవ్వలేదు. కాలు ఇటు నుంచి అటు మార్చుకున్నాడు. కాసేపటికి "రాయమ్మా," అన్నాడు. ఆయన చెబుతుంటే మేనేజర్‌కు ఉత్తరం నేను టైపు చేశాను. ఒక్కో వాక్యాన్నీ రెండుసార్లు చదివించుకున్నాడు. "ఎప్పటి మాదిరిగానే పట్టీలు వాడినాము" అనేదాంట్లో "ఎప్పటి మాదిరిగానే" అన్నది తీసేయమన్నాడు, మళ్లీ ఉండనీమన్నాడు.

అయ్యేసరికి భోజనం వేళ దాటింది. నేను లాప్‌టాప్ సర్దుకుంటుంటే అక్క వచ్చి, "తిని పో," అంది.

"వద్దు మేడమ్, బస్సు..."

"బస్సులు బోలెడున్నాయి. కూచో."

ఆయన కాలు వల్ల లోపలికి పోలేడు, రోజూ హాల్లోనే తింటాడట. ఆయన ముందు స్టూలు వేసి విస్తరి పరిచింది. నాకు కొంచెం ఎడంగా, అదే హాల్లో చాప వేసి ఇంకో విస్తరి పరిచింది. అన్నం, పప్పు, వంకాయ కూర, చారు, మజ్జిగ. ఆమె వడ్డించే పద్ధతి బడిలో పుస్తకాలు పంచినట్లుంది, ఇద్దరికీ సమానంగా, గబగబా, గరిటె ఎత్తునుంచి. ఆయన రేకుల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు ఆకలిగా ఉంది, బాగా తిన్నాను.

తిన్నాక, అలవాటు ప్రకారం నా విస్తరి మడిచి ఎత్తబోయాను. ఆమె చూసింది. గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఎంతసేపో చెప్పలేను, ఎక్కువసేపు కాదు. తర్వాత, "ఉండనీ," అంది. గిన్నె కింద పెట్టి, ముందు తమ్ముడి విస్తరి, దాని మీద నాది ఎత్తుకుని పెరట్లోకి పోయింది. పెరట్లో ఆమె చాలాసేపు నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కున్న చప్పుడు వినిపించింది. రెండూ జరిగాయి. అందులో ఏ ఒక్కటి చెప్పి రెండోది వదిలేసినా అది ఆమె గురించి చెప్పినట్లు కాదు.

ఇంటికి వచ్చాక అమ్మకు భోజనం సంగతి చెప్పాను. ఏం పెట్టారని అడగలేదు, ఏం మాట్లాడారని అడగలేదు.

"ఇస్తరాకు ఎవురెత్తినారు?" అంది.

"ఆమే ఎత్తింది."

"అబద్ధం సెప్పొద్దు."

"నిజమమ్మా. నేను ఎత్తబోతే ఉండనీ అనింది."

అమ్మ నా వైపు చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. "ముసిలామెనా?" అని అడిగింది. అవునన్నాను. "పాపం, నడుము వంగల్ల గదా," అని, ఉతికిన బట్టలు తీయడానికి పై డాబా మీదికి పోయింది.

ఉత్తరం పని చేసింది. కొన్ని నెలలకు, కట్టు విప్పాక, ఆయన బెంగుళూరుకు పోయి కొంచెం కుంటుతూనే పరీక్ష చేశాడు. అదే లోహం, అదే మందం, అదే గాటు, పట్టీలు మాత్రం లేవు. రేకు నా లెక్క చెప్పినంత తొందరగానే పగిలింది. నిజానికి చివర్లో నా లెక్క కన్నా ఇంకొంచెం తొందరగా. ఆ చివరి తేడా ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. లెక్కలో ఫ్రేములు కలిపి మళ్లీ చేశాం. తనిఖీల మధ్య వ్యవధి తగ్గించాలని రిపోర్టులో రాశాం. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ కాదనలేదు. పట్టీలతో చేసిన పాత రిపోర్టులను తిరగేసే పని ఒక కుర్రవాళ్ల జట్టుకు ఇచ్చారు, అది ఇంకా నడుస్తోంది. ఆయన రిటైరయ్యే రోజు దగ్గర పడింది కాబట్టి ఆ విషయం ఆయనను ఎవరూ అడగలేదు. అది ఆయనను కొంత బాధపెట్టిందని నా అనుమానం.

పరీక్ష జరుగుతున్న రోజు సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

"అమ్మా, రేకు చప్పుడు చేస్తాంది."

"ఏం చప్పుడు సార్?"

"లాగినప్పుడల్లా పెదవులు అటుకొకసారి ఇటుకొకసారి తన్నుకుంటాండాయి. టపటపమని. నేను ఇన్నేండ్ల సర్వీసులో ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదు. పట్టీలు వేసి బిగిస్తిమి కదా, యాడ వినపడుతుంది?"

నేనూ వినలేదు. నా తెర మీద ఉబ్బు రంగుల్లో కనిపిస్తుంది, ఎర్రగా, పసుపుగా. దానికి చప్పుడు ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. రికార్డు చేసి పంపించండి సార్ అన్నాను. పంపించాడు.

అమ్మ అప్పుడే చేను నుంచి వచ్చి, గుమ్మం దగ్గర కొంగుకు అంటిన పత్తి పోగులు ఏరుకుంటోంది. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. తల పక్కకు వంచి వినింది.

"ఏందిది?"

"విమానం రేకు పగుల్తాండేది. ఇదే నా పని."

"ఇంగోసారి పెట్టు."

మళ్లీ పెట్టాను. ఈసారి కళ్లు మూసుకుని చివరిదాకా వినింది.

"మన రేకుల కొట్టం మీద గాలి కొట్టినట్లే ఉంది," అంది. "మేకు ఊడిపోయిన కాడ రేకు ఇట్లే కొట్టుకుంటుండ్య. మీ నాయన రాయి పెట్టేవాడు."

ఫోన్ నాకిచ్చి, కాళ్లు కడుక్కోవడానికి పోయింది.